మల్టీకట్ జొన్న విత్తనం, సూపర్ నేపియర్ ముక్కలు: మా గొడ్లశాల నుంచి రివ్యూ

విజయనగరంలో పచ్చిమేత విత్తనాలు, నేపియర్ గడ్డి నాటుకునే కాండం ముక్కలు అమ్మే ఒక కొట్టు నుంచి కిందటి వేసవి చివర్లో నాలుగు రకాల సరుకు తెచ్చాను. మల్టీకట్ జొన్న (ఒకసారి వేసి పలుమార్లు కోసుకునేది) విత్తనం, సూపర్ నేపియర్ ముక్కలు, దశరథ గడ్డి విత్తనం, కొట్టాయన కొసరుగా పడేసిన గ్లిరిసిడియా కొమ్మలు. మా ఊరు చీపురుపల్లి అవతల. ఇంట్లో ముర్రా గేదెలు, ఒక జెర్సీ ఆవు, దాని పెయ్య ఉన్నాయి. రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కాబట్టి ఈ రివ్యూలో కొంచెం కెమిస్ట్రీ తగులుతుంది, భరించండి. ఈ మేతల గురించి తెలుగులో ఎక్కడ చూసినా ఎకరాకి ఇన్ని టన్నులు అన్న మాటే. టన్నులు మనకి, తినడం గేదెకి. అది ఏం తింది, ఏం వదిలేసింది, ఎందుకు వదిలేసింది అని రాసినవాళ్ళు కనపడలేదు. అందుకే ఇది.

ముందు కొట్టు సంగతి. పేరు రాయను, ఎందుకంటే తప్పు కొట్టాయనది కాదు, సంచి మీద అచ్చు వేసినవాళ్ళది. మనిషి మంచివాడు. ఫోన్ ఎత్తుతాడు, లెక్క తప్పడు. నేపియర్ ముక్కలు తడి గోనెలో చుట్టి, కణుపులు ఒకే వైపు ఉండేలా మోపు కట్టి ఆటోలో పంపించాడు. ముక్క రూపాయి పడింది. అడుగున ఉన్న కొన్ని ముక్కల కళ్ళు ఎండిపోయాయని ఫోటో పెడితే మారుమాట లేకుండా వేరేవి పంపించాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఏది అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "మీ గేదె లాగించేస్తుంది మాష్టారూ, టెన్షన్ పడకండి."

జొన్న సంచి మీదా అదే మాట ఉంది, కాస్త మర్యాదగా: "పశువులు ఇష్టంగా తింటాయి." దిగుబడి ఉంది, మాంసకృత్తుల శాతం ఉంది, మొలక శాతం, లాట్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉన్నాయి. మొదటి కోత ఎన్నో రోజున కోయాలో మాత్రం లేదు. హిందీలో ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూశాను, అక్కడా లేదు. జొన్న మేత విషయంలో అన్నిటికన్నా ముందు రాయవలసిన వాక్యం అదే.

తొలకరికి వేశాం. మొలక బాగా వచ్చింది, విత్తనానికి ఆ మేరకు మంచి మార్కులు. మోకాలెత్తు వచ్చేసరికి వాన మొహం చాటేసింది. గరువు భూమి, బోరు అంతంత మాత్రం. ఆకులు మధ్యాహ్నానికి చుట్టుకుపోవడం మొదలైంది. ఎండిపోయేలోగా కోసి వేసేద్దామని మా ఆవిడ. కొట్టుకి ఫోన్ చేస్తే కుర్రాడెవరో ఎత్తి "లేతగా ఉంటే ఇంకా ఇష్టంగా తింటాయి సార్, కోసేయండి" అన్నాడు. మా గొడ్లు చూసే తాత మాత్రం కొడవలి పట్టుకోలేదు. "నాము తగిలిపోద్ది బాబూ, పూత రానీయండి" అని గట్టు మీద కూర్చున్నాడు. పక్కూళ్ళో ఒకప్పుడు కోసేసిన జొన్న చేలో పిలకలు మేసి ఒక పెయ్య కళ్ళముందే పడిపోయిందట, డాక్టరు వచ్చేలోగా అయిపోయిందట.

తాత చెప్పిన నాముకి మా పాఠంలో పేరు హైడ్రోజన్ సయనైడ్. లేత జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. 1902లోనే డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు దీన్ని జొన్న నుంచి విడదీశారు. ధురిన్ ఉన్నంతసేపూ విషం బయటపడదు. అది ఆకు పైపొర కణాల్లో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము లోపలి కణాల్లో ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో ఉన్న పాలివాళ్ళలాగా, మధ్యలో గోడ ఉన్నంతసేపూ గొడవ లేదు. గేదె నమిలితే గోడ పడిపోతుంది. ధురిన్ విడిపోయి గ్లూకోజు, ఒక ఆల్డిహైడు, సయనైడు బయటికొస్తాయి. మొక్క లేతగా ఉన్నప్పుడు, నీటి ఎద్దడిలో ఉన్నప్పుడు, యూరియా ఎక్కువ పడినప్పుడు, కోసిన దుబ్బు నుంచి కొత్త పిలక వచ్చినప్పుడు ధురిన్ ఎక్కువ. అంటే మా చేను ఆ రోజు పరీక్ష పేపర్లో అన్ని ప్రశ్నలకీ అవుననే జవాబిచ్చే చేను.

నమ్మకం సరే, చూడాలని నాకు పురుగు కుట్టింది. వెటర్నరీ కోర్సు చదువుతున్న పాత విద్యార్థి ఒకడు సయనైడు తగిలితే ఎరుపెక్కే పిక్రేట్ పేపరు ముక్కలు తెచ్చిచ్చాడు. పసుప్పచ్చ రంగులో ఉంటాయి. హార్లిక్స్ సీసాలో మోకాలెత్తు జొన్న ఆకుని కత్తెరతో సన్నగా తుంపి, రెండు చుక్కలు క్లోరోఫాం వేసి, పేపరుని ఆకుకి తగలకుండా మూతకి వేలాడదీసి బిగించాను. ఇంకో సీసాలో ఇంటి వెనక మొక్కజొన్న ఆకు. మా ఆవిడ వంటింటి గట్టు మీద పెట్టొద్దని కేకలేస్తే అరుగు మీద ఎండ తగిలేచోట పెట్టాం. టీ తాగి వచ్చేసరికి జొన్న సీసాలో పేపరు అంచు నుంచి నారింజ రంగు ఎక్కుతోంది. ఇంకాసేపటికి ముదురు ఇటుక రంగు. మొక్కజొన్న సీసాలో పేపరు పసుప్పచ్చగానే ఉండిపోయింది. తాత రెండు సీసాలూ చూసి ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకోడానికి గేటు దాకా వెళ్ళాడు.

ఈ పరీక్ష ఇంట్లో చేసి ధైర్యంగా మేపేయమని నేను చెప్పడం లేదు. సీసాలో రంగు చూసి ఎన్ని పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు) ఉందో చెప్పలేం. మామూలుగా పచ్చిమేతలో 200 పీపీఎం దాటితే ప్రమాదమని లెక్క, అది ల్యాబులో తేలవలసిన సంగతి. పైగా ఆ పేపరు తయారీలో వాడే పిక్రిక్ యాసిడ్ ఎండిపోతే పేలే సరుకు, సరదాకి కొని ఇంట్లో పెట్టుకోకండి.

వానలు పడ్డాయి, చేను తేరుకుంది, కంకి తొంగి చూసి సగం చేను పూతకి వచ్చాక కోశాం. అప్పుడు సీసా పెడితే పేపరుకి కాస్త వన్నె మారిందే తప్ప ఎరుపెక్కలేదు. అయినా మొదటి రోజు ఖాళీ కడుపుతో వేయలేదు. ముందు వరిగడ్డి, తర్వాత కొంచెం జొన్న. ఆకలి మీద ఉన్న పశువు ఒకేసారి ఎక్కువ మింగుతుంది, కాలేయం సయనైడుకి గంధకం తగిలించి థయోసయనేటుగా మార్చి మూత్రంలో పంపేలోగానే విషం మీదపడుతుంది. అందుకే గంధకం ఉన్న మినరల్ మిక్చరూ ఉప్పు గడ్డా పశువుకి అందేలా పెట్టమంటారు.

ఇక తినడం సంగతి. గేదెలు జొన్నని బాగా తిన్నాయి. పెద్ద గేదె ముందు ముక్కు పెట్టి ఊదింది, మూతి పక్కకి తిప్పి గాడిలో అడుగునున్న ఆకుని నాలుకతో లాక్కుంది. ఆకు అయ్యాక కాండం పై సగం. మొదలు దగ్గర లావు ముక్కలు మాత్రం వదిలేసింది, చాఫ్ కట్టర్‌లో వేస్తే అవీ పోయాయి. తీపి ఉన్న జొన్న అని నమిలి చూశాను, నిజమే. కానీ మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇక్కడ ఉంది: మోకాలెత్తు చేనులోకి తాడు తెంపుకుని దూరిన పెయ్య కూడా అంతే ఇష్టంగా తినబోయింది, తాత పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ధురిన్ ఎక్కువున్న జొన్న రుచి కాస్త తగ్గుతుందంటారు, కానీ ఆకలేసిన పశువుని ఆపేంత తగ్గదు. "ఇష్టంగా తింటాయి" అన్న సంచి మీది మాట అబద్ధం కాదు. ఇష్టానికీ క్షేమానికీ సంబంధం ఉందని అది చదివిన రైతు అనుకోవడమే ప్రమాదం.

మొక్కలో ఉండే ఈ రసాయనాలు అన్నీ ఒకేలా పనిచేయవు. కొన్ని ముక్కుకి ముందే చెప్తాయి, కొన్ని నాలుకకి చెప్తాయి, కొన్ని ఎవరికీ చెప్పవు. నేను తెచ్చిన సరుకులో మూడు రకాలూ ఉన్నాయి.

ముక్కుకి చెప్పేది గ్లిరిసిడియా. దాని ఆకులో కూమరిన్ ఉంటుంది, కొత్తగా చూసే గొడ్డుకి ఆ వాసన పడదు. మా గేదెలు గాడి దగ్గరకి వచ్చి, వాసన చూసి, వెనక్కి అడుగేశాయి. గట్ల మీద పచ్చిరొట్టకి పెంచేవాళ్ళు మన వైపు బాగానే ఉన్నారు గానీ మేపేవాళ్ళు తక్కువ, దీనివల్లేనేమో. సాయంత్రం కోసి రాత్రంతా వాడనిచ్చి, పొద్దున్న నేపియర్‌లో కలిపి ముక్కలు కొట్టి వేస్తే మెల్లిగా అలవాటు పడ్డాయి. జెర్సీ ఆవు మాత్రం ఒకసారి తిని మళ్ళీ ముట్టలేదు. ఆ రోజు దానికి విరేచనాలు పట్టుకున్నాయి. నా అనుమానం అంతకుముందు పెళ్ళివారింటి నుంచి వచ్చిన మిగులన్నం మీద. ఆవు అనుమానం గ్లిరిసిడియా మీద. అమెరికాలో యూటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా అనే ఆయన గొర్రెల మీద ఇదే చూపించాడు: కొత్త మేత పెట్టి, వెంటనే లిథియం క్లోరైడుతో కడుపులో తిప్పేలా చేస్తే, తప్పు మేతది కాకపోయినా గొర్రె ఆ రుచిని వదిలేస్తుంది. కాబట్టి కొత్త గడ్డి మొదటిసారి పెట్టే రోజు పశువు ఒంట్లో బాగుండేలా చూసుకోండి. ఒకసారి అలిగిందంటే ఆ విత్తనం డబ్బులు పోయినట్టే.

నాలుకకి చెప్పేవి టానిన్లు, అంటే వగరు. లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుని నోరు పిడచకట్టిస్తాయి. తుమ్మ ఆకు మేక తింటుంది, గేదె మొహం తిప్పుకుంటుంది, మేక ఆ వగరుని బాగా తట్టుకుంటుంది. దశరథ గడ్డిలో కొంచెం టానిన్ ఉంది గానీ అది ఇబ్బంది పెట్టే మోతాదు కాదు. మా ఇంట్లో అన్నీ తిన్నాయి, పెయ్య మరీ. సుబాబుల్ కన్నా ఇది మేలని నేను కొన్నది వేరే కారణానికి. సుబాబుల్‌లో మైమోసిన్ ఉంటుంది, రోజూ ఎక్కువ మేపితే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. దశరథ గడ్డిలో మైమోసిన్ లేదు. విత్తనం పైపెంకు గట్టి, వేడినీళ్ళలో కొన్ని నిమిషాలు ముంచి తీయకపోతే మొలవదు. ఇది పాకెట్టు మీద తెలుగులోనే రాశారు, శభాష్. అందులో ఇంకేం చెప్పడానికి లేదు, కొనుక్కోండి.

ఎవరికీ చెప్పకుండా పని చేసేది నేపియర్‌లో ఉంది. ఆక్సలేటు.

సూపర్ నేపియర్ అంటే థాయిలాండ్‌లో పాక్‌చాంగ్ దగ్గర తయారైన రకం. మన వైపు అందరూ ఇదే వేస్తున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో తయారైన ఏపీబీఎన్-1 అనే నేపియర్ రకం ఉంది, కోయంబత్తూరు వాళ్ళ కో-4, కో-5 ఉన్నాయి, వాటిని ఎవరూ పెద్దగా అడగడం లేదని కొట్టాయనే చెప్పాడు. మాంసకృత్తులు 18 శాతం అని అట్ట మీద రాసి కొట్టు ముందు వేలాడదీశాడు. లేతగా కోస్తే బాగానే ఉంటాయి, ముదిరేకొద్దీ పడిపోతాయి. ఆ ముక్క అట్ట మీద లేదు. నిలువెత్తు దాటాక కోస్తే మోపు కంటికి నిండుగా ఉంటుంది, లిగ్నిన్ పట్టి కాండం కర్రయిపోతుంది, సగం గాడిలోనే మిగులుతుంది. మేం నెలన్నర దాటాక, రెండు నెలలు నిండకముందు కోస్తున్నాం. ఆ వయసులో మా గేదెలు కాండంతో సహా తింటున్నాయి. ఆకు అంచు కోసుకుంటుంది, నూగు దురద పెడుతుంది, కోసేవాళ్ళు ఫుల్ చేతుల చొక్కా వేసుకోవాలి.

అయితే మరీ లేతగా, పేడనీళ్ళూ యూరియా కుమ్మరించి కోసిన నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ. అది కడుపులో కాల్షియాన్ని పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తుంది. గేదెకి రుచిలో ఏమీ తేడా తెలియదు, తింటూనే ఉంటుంది. ఈనిన కొత్తలో అసలే కాల్షియం పాలలోకి పోతుంది, దానికి ఇది తోడైతే పాలజ్వరానికి దారి వేసినట్టే. మేత ఎండు బరువులో కరిగే ఆక్సలేటు 2 శాతం దాటితే జాగ్రత్త పడమంటారు. మంచి వార్త ఏమిటంటే కడుపులోని సూక్ష్మజీవులు కొన్ని దీన్ని తినడం నేర్చుకుంటాయి. 1985లో ఒక బ్యాక్టీరియాకి ఆక్సలోబ్యాక్టర్ అని పేరే పెట్టారు, ఆక్సలేటు మీదే బతుకుతుంది. అవి పెరగడానికి టైం ఇవ్వాలి. అందుకని మేం నేపియర్‌ని వరిగడ్డితో కలిపి కొంచెం కొంచెంగా పెంచాం, మినరల్ మిక్చర్ మానలేదు. వరిగడ్డి పూర్తిగా మానేసి నేపియర్ ఒక్కటే వేస్తే పాలు పెరుగుతాయని కొట్టాయన సలహా ఇచ్చాడు. ఆ సలహా మాత్రం అక్కడే వదిలేసి రండి.

రుచి గురించి ఇంకో మాట, ఇది మా ఆవిడ కనిపెట్టింది. పొద్దున్న కోసిన నేపియర్ కన్నా సాయంత్రం కోసింది తొందరగా ఖాళీ అవుతోందంది. పొద్దుటి మంచు తడి వల్లనేమో అన్నాను. తర్వాత గుర్తొచ్చింది, అమెరికాలో ఫెస్క్యూ అనే చలిదేశపు గడ్డి మీద 1999లో అచ్చయిన పరిశోధన ఒకటి ఉంది. పొద్దుగూకే వేళ కోసి ఎండబెట్టిన గడ్డినే ఆవులు, గొర్రెలు, మేకలు మూడూ ఎక్కువ కోరుకున్నాయి. పగలంతా ఎండకి ఆకులో చక్కెర చేరుతుంది, రాత్రి మొక్క దాన్ని ఖర్చుపెట్టేసుకుంటుంది. మన నేపియర్‌కి ఇది ఎంత వర్తిస్తుందో గానీ, మా ఇంట్లో కోత సాయంత్రానికి మారింది. ఖర్చు లేని పని, మీరూ చూడండి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. ఆ చలిదేశాల్లోనే రీడ్ కెనరీ అని ఇంకో గడ్డి ఉంది. అందులో గ్రమీన్ లాంటి ఆల్కలాయిడ్లు, అంటే చేదు రసాయనాలు ఉండేవి, పశువులు సరిగ్గా తినేవి కావు. మిన్నెసోటాలో మార్టెన్ అనే శాస్త్రవేత్త వాళ్ళు ఆల్కలాయిడ్ ఎంత ఎక్కువైతే మేత అంత తక్కువని తేల్చారు. తర్వాత ఆల్కలాయిడ్ తక్కువున్న పలటాన్, వెంచర్ అనే రకాలు వచ్చాయి. అక్కడ విత్తనం అమ్మేవాడు ఆల్కలాయిడ్ తక్కువ అన్నదే గొప్పగా చెప్పుకుని అమ్ముతాడు. మనకీ అలాంటివి లేకపోలేదు, హర్యానా వాళ్ళ ఎస్ఎస్‌జి 59-3 జొన్న విషం తక్కువని పేరు తెచ్చుకున్నదే. నేను కొన్న సంచి మీద మాత్రం హెచ్‌సీఎన్ (హైడ్రోజన్ సయనైడ్) అన్న మాట లేదు, ఎన్నాళ్ళకి కోయాలో లేదు, ఎండలో వాడిపోయిన చేను కోయొద్దని లేదు. రైతు బొమ్మ నవ్వుతూ ఉంది. దాని బదులు మూడు వాక్యాలు వేస్తే చాలు: మొదటి కోత 50 నుంచి 55 రోజులు నిండాక, వీలైతే పూత చూసి. బెట్టకి వాడిన చేనుకి నీళ్ళిచ్చి, తేరుకున్నాక కోయండి. కోసిన దుబ్బు మీద లేత పిలకల్లోకి గొడ్లని తోలొద్దు.

కంపెనీ వాట్సాప్ నంబరుకి ఇదే రాసి పంపాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది.

నా మార్కులు. మల్టీకట్ జొన్న విత్తనం: మొలకకి, రుచికి నాలుగు, సంచి మీది సమాచారానికి సున్నా, కలిపి ఐదుకి రెండున్నర. బోరు నమ్మకంగా ఉన్నవాళ్ళు, పూతదాకా ఓపిక పట్టగలిగినవాళ్ళు తీసుకోండి. మిగిలింది కోసి ఎండబెడితే సయనైడు చాలావరకు ఎగిరిపోతుంది, చొప్పగా దాచుకోవచ్చు. నీటికి దేవుడి మీద ఆధారపడేవాళ్ళు, ముఖ్యంగా గరువుల్లో, దీని బదులు గంటెలు (సజ్జలు) వేసుకోండి, అందులో ఈ నాము గొడవ లేదు. సూపర్ నేపియర్ ముక్కలు: నాలుగు. దశరథ గడ్డి: నాలుగున్నర. గ్లిరిసిడియా కొసరు కాబట్టి మార్కుల్లేవు. కొట్టు సర్వీసు: నాలుగు, సలహాలు తీసేస్తే.

జొన్న వేసినవాళ్ళు 1962 నంబరు గొడ్లశాల గోడ మీద సున్నంతో రాసిపెట్టుకోండి, పశువుల అంబులెన్సుది. నాము తగిలిన గొడ్డు రొప్పుతుంది, తూలుతుంది, కంటి లోపలి పొర ఎర్రగా మెరుస్తుంది. టైం గంటల్లో ఉండదు, నిమిషాల్లో ఉంటుంది. డాక్టరు నరానికి ఎక్కించే విరుగుడు మందు థయోసల్ఫేటు దగ్గర ఉందో లేదో ఫోన్లోనే అడగండి. నేపియర్ ముక్కలు కావలసినవాళ్ళు మే నెలలోనే కొట్టుకి చెప్పి ఉంచాలి, తొలకరి పడ్డాక వెళ్తే అడుగు మోపులే మిగులుతాయి.